అర్హత గల కొట్లాట

మా ఊళ్లో పేదరికం లేదని ఏ అధికారీ ఎన్నడూ అనలేదు. కారు దిగి, ప్యాంటు అంచుకు అంటిన దుమ్ము దులుపుకుంటూ "అబ్బ, ఎంత వెనకబడిన ప్రాంతం" అనడం వాళ్ల మర్యాద. ఆ మర్యాదకు మా ఊళ్లో ఏనాడూ లోటు రాలేదు. మాకు కొరవడిందల్లా కొట్లాట. అది చాలినంత లేకపోబట్టే మా అర్జీ వెనక్కి వచ్చింది.

మాది దొనిగేపల్లి, అనంతపురం వైపు. వాన కురిస్తే శనక్కాయ, కురవకుంటే బెంగళూరు. ఇంతకు మించి మా ఊరికి చరిత్ర లేదు. నా పేరు మస్తానప్ప, పిండిమర నడుపుతాను. రాగులు కురుబ వీధివైనా బోయ వీధివైనా నా మరకు ఒకటే కాబట్టి రెండు వీధుల సంగతులూ పిండితోపాటు నా దగ్గరికి వస్తుంటాయి.

అర్జీ దేనికంటే, దారికి. మా గుట్ట కింద దొనకుంట అని ఒకటుంది. ఎండాకాలంలో చుట్టుపక్కల గొడ్డూ గొర్రే తాగడానికి నీళ్లు నిలిచేది అందులోనే. దానికి పోవడానికి వానొస్తే పారే వంక పక్కనే తాతలనాటి బండిబాట. వంకా, బాటా, ఆ చుట్టూ ఉన్న బీడూ అన్నీ పోరంబోకే, అంటే సర్కారువే. అటువైపు పొలమున్న నాగభూషణరెడ్డి గారు మాజీ సర్పంచి, కంకర క్వారీకి యజమాని. ఆయన బత్తాయి మొక్కలు తెచ్చి చీనీతోట పెట్టుకుని చుట్టూ ముళ్లకంచె లాగించారు. కంచె వేసే మనుషులు ఉత్సాహవంతులు కాబోలు, లాగుతూ లాగుతూ బాటనూ వంకనూ కూడా లోపలేసుకున్నారు. కుంట అవతల మిగిలింది. మేం ఇవతల మిగిలాం.

దీనివల్ల అందరికన్నా ఎక్కువ ఇరుకున పడింది మాళమ్మ. కురుబ వీధిలో ఉంటుంది. మొగుడు పోయినాక గొర్రెల మందను ఒంటిచేత్తో మేపుకొస్తోంది. కూతురు కర్నూలులో నర్సింగు చదువుతోంది. ఆ చదువుకు ఫీజూ హాస్టలూ అన్నీ గొర్రెలే. మందకు నీళ్లు లేకపోతే మంద ఉండదు, మంద లేకపోతే పిల్ల ఇంటికి వచ్చేస్తుంది. లెక్క అంతే. ఆమె తర్వాత బోయ తిప్పయ్య. నాలుగెకరాల మెట్ట, రెండు ఎద్దులు, ఊరంతా వినబడే గొంతు, ఇవీ ఆయన ఆస్తులు.

మేం ముగ్గురం తాసీల్దారు దగ్గరికి పోతే ఇది పోలీసుల పని అన్నారు. పోలీసుల దగ్గరికి పోతే తాసీల్దారు పని అన్నారు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు "సామరస్య సాధన పథకం అని కొత్తది వచ్చింది, పల్లెల్లో పేదరికాన్నీ తగాదాలనూ ఒకే దెబ్బకు తీసేస్తారట, పొండి" అన్నాడు. పోయాం.

పథకం సంచాలకులు డాక్టర్ కమలనాథం గారు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. అది చూసే మాకు అనుమానం రావలసింది.

"దారి మూసేశారు. చాలా బాధాకరం," అన్నారు ఆయన అర్జీ చదివి. "కానీ మా మార్గదర్శకాల ప్రకారం సంఘర్షణ అనేది రెండు పేద వర్గాల మధ్య ఉండాలి. ఒక పక్క ఊరంతా, మరో పక్క ఒక్క పెద్దమనిషి ఉంటే దాన్ని సంఘర్షణ అనరు. అసౌకర్యం అంటారు."

"మాకు నీళ్లు లేవు సార్," అంది మాళమ్మ.

"నీళ్లు ఇంకో శాఖమ్మా. మేం సంబంధాల మీద పని చేస్తాం. మీలో మీకు ఏమైనా ఉందా?"

"మాలో మాకేముంటాది సార్? ఏమీ లేదు," అన్నాడు తిప్పయ్య.

కమలనాథం గారి మొహం పాలిపోయింది. "ఏమీ లేదంటే ఎలా? ఇంత పేదరికం ఉంచుకుని మీలో మీరు కొట్టుకోకుండా ఎలా ఉంటారు? శాస్త్రం ఒప్పుకోదు. సర్వేకు మనిషిని పంపుతాను. నిదానంగా ఆలోచించుకోండి. ఒక్కటైనా దొరక్కపోదు."

సర్వేకు వచ్చిన ఫెసిలిటేటరు పేరు నీహారిక. మంచి పిల్ల. వచ్చిన మూడు రోజులూ గడప గడపకూ తిరిగి "మీకు ఎవరంటే ద్వేషం?" అని నవ్వుతూ అడిగింది. అందరూ నాగభూషణరెడ్డి కంచె గురించే చెప్పారు. ఆ పిల్ల అది రాసుకోలేదు, రాసుకోవడానికి గడి లేదట. ఇక ఉత్తచేతులతో పోతుందనగా, ఆఖరి రోజు పొద్దున తిప్పయ్య గొంతు లేచింది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. గొర్రెలు చేలో పడ్డాయనుకోండి, చేనుగలాయన గట్టు మీద నిలబడి గొర్రెలకాపరిని తిడతాడు. ఊరికే తిట్టడం కాదు, పై తరాల నుంచి వరసగా దిగుతూ రావాలి. కాపరి వింటూ మధ్యలో ఒకటో రెండో తిరిగి అనాలి, లేకుంటే చేనుగలాయనకు మర్యాద చేయనట్టు. అది ముగిశాక నష్టానికి బదులు కాపరి తన మందను కొన్ని రాత్రులు ఆ చేలోనే కట్టాలి. పెంటికలూ పంచితమూ పడి నేల బలుస్తుంది. చేనుగలాయన కాపరికి సంగటీ ఊరిబిండీ పెడతాడు. మా నేలలు ఇన్నేళ్లుగా పండుతున్నది ఈ తిట్ల చలవే. ఎరువు మరీ అవసరమైన ఏడు తిప్పయ్య తన చేని ముళ్లకంప తానే పక్కకు లాగేసి, గొర్రెలు ఎప్పుడు పడతాయా అని గట్టు మీద కాచుకునేవాడు.

ఆ పొద్దున నాలుగు గొర్రెలు పడ్డాయి. తిప్పయ్య అందుకున్నాడు.

"ఏం మాళమ్మా, నీ గొర్రెలకుండేవి నోళ్లా, పారలా? మీ మామ కాలం నుంచి జూస్తాండా, మీ వంశంలో కండ్లున్నోడు ఒగడన్నా పుట్టినాడా అని!"

"పుట్టినాడులే తిప్పన్నా, నీ చేన్ల గడ్డి దప్ప శనక్కాయ ల్యాదని కనిపెట్టింది ఆయప్పే!"

నీహారిక పరుగున వచ్చి ఫోను తీసి మొత్తం పట్టుకుంది. కళ్లలో నీళ్లు. పాపం, ఉద్యోగం నిలబడింది గదా.

వారం తిరక్కుండా కమలనాథం గారే వచ్చారు. అందరినీ బడి ఆవరణలో కూర్చోబెట్టి ఆ తిట్లను మైకులో వినిపించారు. "పశుపోషక, కర్షక వర్గాల మధ్య తరతరాల వైరం," అన్నారు గద్గదంగా. "వంశప్రస్తావన కూడా ఉంది. మా సంఘర్షణ సూచీలో ఇది చాలా ఉన్నత స్థానం."

"అది వైరం గాదు సార్," అన్నాడు తిప్పయ్య. "ఆ రాత్రే మంద గట్టింది. మా ఇంట్లోనే సంగటి తినింది."

"నిరాకరణ దశ," అన్నారు కమలనాథం గారు నీహారిక వైపు తిరిగి. "తీవ్ర సంఘర్షణలో ఉన్న సమాజాలు మొదట ఒప్పుకోవు. చక్కటి ఉదాహరణ."

మాళమ్మ లేచి నిలబడింది. "సార్, మేం పగోళ్లమని ఒప్పుకుంటే కుంటకు దారి యిడిపిస్తారా?"

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "పథకం మూడో ఏట ఉమ్మడి వనరుల పునరుద్ధరణ ఉందమ్మా. రెండు పక్షాలు సామరస్యానికి వచ్చాక, ఆ సామరస్యానికి చిహ్నంగా దారులు, కుంటలు తెరవచ్చు."

మాళమ్మ తిప్పయ్య వైపు తిరిగింది. "దారి కోసరం తగువు పడల్లంటే పడదాం తిప్పన్నా. ఊరికే తిరిగేదానికన్నా మేలే గదా."

"పడదాంలే," అన్నాడు తిప్పయ్య. అలా మా ఊళ్లో శత్రుత్వం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

ఊరిని రెండు పక్షాలుగా విడదీశారు. పశుపోషక పక్షానికి పసుపుపచ్చ టోపీలు, కర్షక పక్షానికి ఆకుపచ్చవి. గొర్రెలూ చేనూ రెండూ ఉన్న వాళ్లు కొందరు తేలారు. వాళ్లను "అంతర్గత సంఘర్షణ కలిగిన కుటుంబాలు"గా గుర్తించి ఒక్కో ఇంటికి రెండు రంగులూ ఇచ్చారు. నాకు గొర్రెలూ లేవు, చేనూ లేదు. కాబట్టి తెల్లటోపీ పెట్టి నిష్పాక్షిక పరిశీలకుడు అన్నారు. నా పిండిమరకు "తటస్థ ప్రాంతం" అని బోర్డు కొట్టారు. అప్పటినుంచి రాగులు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు బోర్డు చూసి ఒక నిమిషం బయటే ఆగి, ఉమ్మేసి, లోపలికి వచ్చేవారు.

ఆ తర్వాత ద్వేష వ్యక్తీకరణ శిబిరం పెట్టారు. మనసులో ఉన్నది బయటికి వస్తే తప్ప పోదని సిద్ధాంతం. జనాన్ని ఎదురెదురు చాపల మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు అవతలి పక్షం మీకు చేసిన అన్యాయాన్ని తలుచుకుని కళ్లు మూసుకోండి" అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. కొంతసేపటికి గురక వినిపించింది.

"మేడం, నాకు నాగభూషణరెడ్డి కంచే అగుపిస్తాంది," అంది మాళమ్మ కళ్లు మూసుకునే.

"అది కాదమ్మా. తిప్పయ్య గారిని ఊహించుకోండి."

"ఊహించుకున్నా. ఆయప్పా నా పక్కనే నిలబడి కంచె జూస్తాండాడు."

ద్వేషం రాలేదు. మధ్యాహ్నం భోజనం వచ్చింది. ఆకుపచ్చ టోపీల భోజనం ఒక కాంట్రాక్టరుది, పసుపుపచ్చవాళ్లది ఇంకొకరిది. అటు కోడికూర, ఇటు గుడ్డు పులుసు. అంతే. ఎన్నడూ ఒకరి మీద ఒకరు చేయెత్తని వాళ్లు విస్తర్లు ఎత్తారు. "మీకు కోడి యాల పెట్టినారు?" అని వీళ్లు, "మా చేన్లు మేసింది సాల్లేదా?" అని వాళ్లు. పసుపుపచ్చ టోపీ హనుమంతు చేతిలో, ఆకుపచ్చ టోపీ లింగన్న కొడుకు తల పగిలింది. కమలనాథం గారు వేదిక మీద నిలబడి, ఇన్నాళ్లకు పంట చేతికొచ్చిన రైతులా చూస్తుండిపోయారు. మా ఊరి తొలి కొట్లాట అలా, సర్కారు ఖర్చుతో, భోజన విరామంలో జరిగింది.

మాట పెరిగితే తగ్గించడం ఎట్లాగో మా ఊరికి తెలుసు. ఆ రాత్రే మాళమ్మ తన మందను లింగన్న చేలో కట్టబోయింది. నీహారిక వచ్చి ఆపింది.

"మంద కట్టకూడదమ్మా. అది అనధికార రాజీ అవుతుంది. శిక్షణ పొందని మధ్యవర్తిత్వం వల్ల సూచీ పడిపోతుంది."

"మరి నేల కెట్ల మేడం? ఎరువు ల్యాకుంటే ఏం పండుతాది?" అన్నాడు తిప్పయ్య.

"మూడో ఏడు భూసార పరీక్ష ఉంది సార్," అంది ఆ పిల్ల, మంచిపిల్లే, కానీ ఏం చేస్తుంది.

మంద కట్టడం ఆగిపోయింది. తిట్లు మాత్రం ఉండాలన్నారు. ఎరువు రాని తిట్టు ఒంటికి తగులుతుందని అప్పుడు తెలిసింది. ఊళ్లో పలకరింపులు తగ్గాయి. ఒకరి చేని గట్టు మీదుగా ఇంకొకరు నడవడం తగ్గింది. కురుబ వీధి కరియప్ప కూతురి పెళ్లికి బోయ వీధినుంచి ఎవరూ పోలేదు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేయను, నేను నిష్పాక్షికుణ్ణి.

శాంతి సంఘానికి అధ్యక్షుణ్ణి వెతకాల్సి వచ్చింది. మార్గదర్శకాల ప్రకారం ఆయన పేదవాడై ఉండకూడదు, ఎందుకంటే పేదవాడు ఏదో ఒక పక్షంలో ఉంటాడు. గొర్రెలు కాయకూడదు, సొంతంగా దున్నకూడదు. ఊళ్లో ఎవరితోనూ నమోదైన సంఘర్షణ ఉండకూడదు. ఇన్ని లక్షణాలూ కలిసిన మనిషి మా ఊళ్లో ఒక్కరే ఉన్నారు. నాగభూషణరెడ్డి గారు శాలువా కప్పించుకుని, "మన బీదాబిక్కీ ఇట్లా కొట్టుకుంటుంటే నాకు నిద్ర పట్టడం లేదు" అన్నారు. ఆ మాట అబద్ధమని చెప్పలేను. కుంటలో ఆయన చీనీతోటకు పెట్టిన మోటారు రాత్రంతా తిరుగుతుండేది, ఆ చప్పుడుకు ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

"రెడ్డీ, బాట సంగతి?" అంది మాళమ్మ, సభ మధ్యలోంచి.

"ఎజెండాలో లేదమ్మా," అన్నారు కమలనాథం గారు ఆయన తరఫున. "అధ్యక్షుల వారిని వ్యక్తిగత విషయాల్లోకి లాగకూడదు."

శాంతి సంఘం మొదటి తీర్మానం శాంతి కంచె. గొర్రె చేను తొక్కడమే వైరానికి మూలం కదా, అందుకని గొర్రెకూ చేనుకూ మధ్య కంచె. కంచె కాంట్రాక్టు అధ్యక్షుల వారి బావమరిదికి దక్కింది. అనుభవం ఉన్న మనిషి. సర్కారు ఇనుపస్తంభాలతో కంచె చేల వెంట మొదలై, మధ్యలో దారి మార్చుకుని, తిన్నగా పోయి చీనీతోట కంచెను కలుసుకుంది. ఇదివరకు సందు చూసుకుని ఒకటో రెండో గొర్రెలు దూరి కుంటకు పోయేవి. ఇప్పుడు కోడిపిల్ల దూరడానికి వీల్లేదు.

మాఘం పోయింది, ఎండలు ముదిరాయి. ఊరిబోరులో నీళ్లు బిందెలకే చాలడం లేదు. మాళమ్మ మందను గుట్ట చుట్టి పక్క మండలం దాకా తోలుకుపోయి నీళ్లు తాపుకొచ్చేది. పోయి వచ్చేసరికి గొర్రెలకు మళ్లీ దప్పిక అయ్యేది. ఈనిన గొర్రెలు నడవలేక దారిలో కూలబడేవి. తిప్పయ్య ఎద్దు ఒకటి పడుకుని లేవడం మానేసింది. మాళమ్మ కూతురు సెలవులకు వచ్చి మందను చూసి "అమ్మా, నేను మళ్లీ పోనులే" అందట. మాళమ్మ కొట్టినంత పని చేసి బస్సెక్కించింది.

మేం మళ్లీ కమలనాథం గారి దగ్గరికి పోయాం. తిప్పయ్య, మాళమ్మ చెరో బస్సులో రావలసి వచ్చింది, నియమం అది.

"సార్, మేం కలిసిపోయినాం," అన్నాడు తిప్పయ్య. "నాకు ఈయమ్మ మింద ఏ కోపమూ ల్యాదు. కావల్లంటే రాసిస్తా. దారి తెరిపించండి."

ఆయన కంగారుగా లేచి తలుపు వేశారు. "మెల్లగా మాట్లాడండి. మీరు కలవడం మూడో ఏడాది చివరి త్రైమాసికంలో ఉంది. ఇప్పుడే సామరస్యం వచ్చేస్తే మిగిలిన శిబిరాలు ఎవరికి పెట్టాలి? అంతా ఒక క్రమంలో జరగాలి. ద్వేషం, పరిచయం, సంభాషణ, విశ్వాసం, సామరస్యం. మీరింకా ద్వేషంలోనే ఉన్నారు."

"ల్యాదు సార్, దప్పికలో ఉండాం," అంది మాళమ్మ.

ఆయన ఓపికగా నవ్వి మాకు మంచినీళ్ల సీసాలు తెప్పించారు. మాళమ్మ తాగలేదు. సీసా కొంగులో కట్టుకుని తెచ్చి, ఆ సాయంత్రం ఒక గొర్రెపిల్ల నోట్లో పోసింది.

ఆ పిల్ల మర్నాడు పొద్దునకు చచ్చిపోయింది. మాళమ్మ దాన్ని భుజాన వేసుకుని నా మరకు వచ్చింది. తటస్థ ప్రాంతం కాబట్టి శత్రువులు కలవడానికి ఊళ్లో అదొక్కటే చోటు. తిప్పయ్య అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మాళమ్మ పిల్లను ఆయన ముందు పెట్టింది.

"మూడో ఏటికి నా మందలో గొర్రె ల్యాకుంటే నేను ఏ పక్షం తిప్పన్నా?" అంది.

తిప్పయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "మస్తానా, నీకాడ తీగ తుంచే పటకారు ఉండల్ల గదా?"

ఉంది. ఇచ్చాను. ఇచ్చి మరకు తాళం వేసి నేనూ బయలుదేరాను. తెల్లటోపీ పెట్టుకోవడం మరిచిపోయాను.

పట్టపగలే జరిగింది. దొంగతనం కాదు గదా, చీకటెందుకు? పసుపుపచ్చవాళ్లూ ఆకుపచ్చవాళ్లూ అందరూ వచ్చారు. తల పగిలిన లింగన్న కొడుకు స్తంభాలు ఊపుతుంటే, తల పగలగొట్టిన హనుమంతు లాగాడు. బాట వెడల్పున కంచె పడిపోయింది. గొర్రెలు మమ్మల్ని తోసుకుంటూ పోయి కుంటలో మోకాళ్ల దాకా దిగి తాగాయి. తాగే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. మాళమ్మ గట్టున కూర్చుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. అంత బాగా జరిగిన పని మా ఊళ్లో నేను చూడలేదు.

పోలీసు జీపు గంటలోపే వచ్చింది. బాట మూసినప్పుడు తాసీల్దారు పని అన్నవాళ్లు, బాట తెరిచినప్పుడు మాత్రం ఇది తమ పనేనని వెంటనే గుర్తుపట్టారు.

స్టేషను ఆవరణలో మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. నాగభూషణరెడ్డి గారు ఫిర్యాదు ఇచ్చారు. ఎస్సై గారికి నిష్పాక్షిక సాక్షి కావాలి. కమలనాథం గారు హడావిడిగా వచ్చి నన్ను చూపించారు. "ఈయన మా పథకం పరిశీలకుడు. సర్టిఫికెట్ కూడా ఉంది."

"కంచె ఎవరు తుంచారు?" అన్నారు ఎస్సై.

రెడ్డి గారు నా వైపు దయగా చూశారు. నా మర కరెంటు కనెక్షను ఆయన క్వారీ ట్రాన్స్‌ఫార్మరు నుంచే. నాకు ఆ సంగతి తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

"పటకారు నాది సార్," అన్నాను. "తొలి తీగ నేనే తుంచినా. వీళ్లకు ఆ పటకారు పట్టుకునేది సరిగ్గా రాదు."

"నువ్వు నిష్పాక్షికుడివి!" అన్నారు కమలనాథం గారు.

"గొర్రె చచ్చిపోయేటప్పుడు దాంట్లో రెండు పక్షాలు కనపడల్యా సార్."

నన్నూ వేపచెట్టు కిందికి పంపారు. అప్పుడు వచ్చింది అసలు కారు. ఢిల్లీ నుంచి మూల్యాంకన బృందం. పథకం పనితీరు చూడడానికి ఆ రోజే దొనిగేపల్లికి రావలసి ఉంది. వచ్చి చూస్తే ఊళ్లో ద్వేషించుకునేవాళ్లూ లేరు, ద్వేషించుకోనివాళ్లూ లేరు. అందరూ ఇక్కడే. నీహారిక మొహం తెల్లబోయింది. కమలనాథం గారు మాత్రం కాసేపు మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు. చూస్తుండగానే ఆయన మొహంలోకి వెలుగు వచ్చింది.

అప్పుడే హోటలు నుంచి చిత్రాన్నం గిన్నె వచ్చింది. ఒకటే గిన్నె, ప్లేట్లు చాలలేదు. తిప్పయ్య, హనుమంతు ఒకే ప్లేటులో తింటున్నారు. మాళమ్మ తన దాంట్లోంచి లింగన్న కొడుక్కి పెడుతోంది.

"గమనించండి," అన్నారు కమలనాథం గారు ఆ బృందంతో. "ఏడాది కిందట వంశాలెత్తి తిట్టుకున్న రెండు పక్షాలు. ఈ రోజు ఒకే నీడన, ఒకే పాత్రలో భోజనం. నిష్పాక్షిక పరిశీలకుడు కూడా వాళ్లలో కలిసిపోయాడు. లక్ష్యాన్ని రెండేళ్లు ముందుగా సాధించాం."

బృందం పెద్ద, తెల్లజుట్టు మేడం, చాలా కదిలిపోయారు. ఫోటోలు తీసుకున్నారు. కానిస్టేబుల్ ఫ్రేములోకి వస్తుంటే కొంచెం పక్కకు జరగమన్నారు. మాళమ్మను రెండు మాటలు చెప్పమన్నారు.

మాళమ్మ చేయి కడుక్కుని లేచింది. "మేడం, మా గొర్రెలు ఈ పొద్దు నీళ్లు తాగినాయి. రేపు గూడా తాగల్ల గదా. మమ్మల్ని యిడిస్తే తోలకపోతాం. యిడిసిపెట్టకుంటే వాటిని గూడా ఈడికే పట్టకరమ్మనండి. ఈడ బోరుంది, సూసినా."

కమలనాథం గారు దాన్ని ఇంగ్లీషులో చాలాసేపు చెప్పారు. మేడం తలాడించి రాసుకున్నారు. పథకాన్ని మూగజీవాలకు కూడా విస్తరింపజేయాలని లబ్ధిదారుల ఆకాంక్ష అని తర్వాత నివేదికలో చూశాం.

కారు వెళ్లిపోయాక మమ్మల్ని కోర్టుకు, అక్కణ్ణించి సబ్‌జైలుకు తీసుకుపోయారు. ఆడవాళ్లకు వేరే గది. బెయిలు రావడానికి రోజులు పట్టింది. కంచె దరిదాపులకు పోకూడదని షరతు. మేం బయటికి వచ్చేసరికి కంచె ఎప్పట్లా నిలబడి ఉంది. నా మరకు కరెంటు లేదు. మాళమ్మ కూతురు చదువు వదిలి వచ్చేసి, మందను తోలుకుని గుట్ట చుట్టూ తిరిగి తిరిగి, సగం చచ్చాక మిగతా సగాన్ని వ్యాపారికి అమ్మేసింది. ఇచ్చినంతకే అమ్మింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. మాళమ్మ ఖాళీ దొడ్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

నివేదిక పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద మేం చిత్రాన్నం తింటున్న ఫోటో. దొనిగేపల్లి సంఘర్షణ రహిత ఆదర్శ గ్రామం. మిగతా మందలూ అమ్ముడుపోయాయి, కంచె ఇవతల గొర్రెలు లేవు, కాబట్టి చేలో పడేవి లేవు. తిట్లు లేవు, మందా లేదు, ఎరువూ లేదు. సూచీ సున్నా. శాంతి సాధకుడిగా నాగభూషణరెడ్డి గారికి జిల్లా కేంద్రంలో సన్మానం.

ఆ సన్మానం అయిన కొన్నాళ్లకు కమలనాథం గారు మళ్లీ వచ్చారు. ఈసారి ఎంతో ఆప్యాయంగా మాళమ్మ గడప దగ్గరే కూర్చున్నారు. నేనూ తిప్పయ్యా కూడా అక్కడే ఉన్నాం.

"అమ్మా, శుభవార్త. కొత్త పథకం వచ్చింది. జీవనోపాధి పునరుజ్జీవనం. ఏ పశువూ లేని నిరుపేద ఒంటరి మహిళలకు గొర్రెల యూనిట్. పోయినేడు మీకు అర్హత లేదు, మీకప్పుడు మంద ఉండేది. ఇప్పుడు పూర్తి అర్హత వచ్చింది. మా పథకం వల్లే అనుకోండి."

మాళమ్మ ఆయన్నే చూస్తూ కూర్చుంది. కోపమో ఏమో నాకు అర్థం కాలేదు.

"గొర్రెలిస్తారు సార్. మంచిదే. అవి నీళ్లు యాడ తాగల్ల?"

కమలనాథం గారు బాధగా నవ్వారు. "అది ఈ పథకం పరిధిలో లేదమ్మా."

ఆమె ఇక ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగింది. "మస్తానన్నా, నీ పటకారు పోలీసోళ్లు తిరిగిచ్చినారా?"

"ల్యాదు మాళమ్మా. కోర్టులో ఉండాది."

"మా ఇంట్లో గొడ్డలుంది," అన్నాడు తిప్పయ్య.